ఫొటో చూసి చెప్పే మాట

‘సూపర్’ అనడానికి క్షణం చాలు. నిజామాబాద్‌లో సరదాకి కెమెరా పట్టేవాళ్లలో నాకు నచ్చేది, అక్కడితో ఆగనివాళ్లు. డిచ్‌పల్లి రామాలయం శిల్పాల్ని మిట్టమధ్యాహ్నం ఫొటో తీసి చూపిస్తే, ముందు కోణం ఎందుకు కుదిరిందో చెబుతారు. తర్వాతే అసలు సంగతి: ఏటవాలు ఎండలోనే చెక్కడాల లోతు తెలుస్తుంది, ముదురు రాయి ఫ్రేమంతా నిండితే కెమెరా వెలుతురు పెంచేస్తుంది, ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించు. బోధన్ చెరకు బండి ఫొటో అయితే, బండి వెళ్లే వైపు ఖాళీ వదలమంటారు. 2015లో మూతపడ్డ నిజాం షుగర్స్ ఫ్యాక్టరీ ఫొటోకి రంగులు దట్టించినవాణ్ని మాత్రం ఏకాంతంలోనే మందలిస్తారు. మర్యాదంటే అదీ! పదిమందిలో తప్పులెంచే పండితులు మనకెలాగూ కొదవలేదు. ఇలా మర్యాదగా చెప్పే స్నేహితుడుంటే, ఫ్రేము కట్టించే ముందే ఆయనకు చూపించండి.