‘వంటిల్లు’లో పునరుక్తి

ఛందస్సో అంత్యప్రాసో లేని కవిత జనం నోట నిలవదనే వాదన తరచు వినపడుతుంది. విమల ‘వంటిల్లు’ (‘అడవి ఉప్పొంగిన రాత్రి’, 1990) దానికి తగిన జవాబని నా అభిప్రాయం.

ఇది వచన కవిత. యతిప్రాసల నియమం లేదు. ఆలంకారికులు దోషమన్న పునరుక్తే ఇక్కడ శిల్పం. ‘వంటిల్లు’ అనే మాట మళ్ళీమళ్ళీ వస్తుంది, వస్తూ అర్థం మార్చుకుంటుంది. మొదట బాల్యపు అద్భుతం, తర్వాత ఆడపిల్లకి తర్ఫీదునిచ్చే బడి, ఆపైన చెర, చివరికి కూల్చవలసిన వ్యవస్థ.

దంపుళ్ళ పాటలోనూ పునరుక్తి ఉంది. అక్కడది రోకటిపోటుతో కలిసి శ్రమభారాన్ని తేలిక చేస్తుంది. ఇక్కడ ఆ లయ లేదు కనుక భారమంతా పాఠకుడి మీద పడుతుంది. శ్రీశ్రీ మాత్రాఛందస్సు కవాతుకి తగింది. కవాతు ముందుకి సాగుతుంది. ఇంటిచాకిరీ తెల్లవారితే మళ్ళీ మొదటికొస్తుంది. దాన్ని కవాతు నడకలో చెబితే వస్తువుకి అన్యాయం జరుగుతుంది.

వంటిళ్ళను కూల్చమనే ముగింపు నినాదమనిపించవచ్చు. ఆ పిలుపుకి బలమిచ్చింది అంతకుముందు మెట్టుమెట్టుగా మారిన ఆ ఒక్క మాటే. మెట్లు వదిలేసి ముగింపునే అనుకరించే కవికి మిగిలేది మాత్రం నినాదమే.