ఆయా జీతం

ఈ వారం టీవీలో ఒక పెద్దమనిషి, పరిశోధన చేయదలచినవాళ్లు ఇల్లూ వాకిలీ మరిచిపోవాలని సెలవిచ్చారు. వారానికి డెబ్బై గంటలైనా చాలవట. ఈ కాలమ్ వదలకుండా చదివేవాళ్లకు నా సంగతి తెలుసు. గంటల లెక్క ఎవరెత్తినా నాకు ఒళ్లు మండుతుంది, వెంటనే జానెట్ రౌలీ గుర్తొస్తుంది. ఆవిడ చికాగో విశ్వవిద్యాలయంలో వారానికి మూడు రోజులే పనిచేసిన డాక్టరు. నలుగురు మగపిల్లల తల్లి.

క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అని ఒక రక్త క్యాన్సర్. ఆసుపత్రుల్లో సీఎంఎల్ అంటారు. 1960లో ఫిలడెల్ఫియాలో నోవెల్, హంగర్‌ఫర్డ్ అనే ఇద్దరు ఈ జబ్బున్నవాళ్ల రక్తకణాల్లో ఒక పొట్టి క్రోమోజోమ్‌ని చూశారు. దానికి ఆ ఊరి పేరే వచ్చింది. ముక్క ఊడిపోయింది కాబట్టి పొట్టిదైందని అందరూ అనుకున్నారు. ఊడిన ముక్క ఎటు పోయిందో తేల్చడానికి అప్పటి రంగుల అద్దకం చాలలేదు.

1970లో రౌలీ భర్తతో ఆక్స్‌ఫర్డ్ వెళ్లి, క్రోమోజోమ్‌ల మీద చారలు కనిపించేలా చేసే కొత్త పద్ధతి నేర్చుకొచ్చారు. మైక్రోస్కోపులో తీసిన ఫొటోలు ఇంటికి తెచ్చి, ఒక్కో క్రోమోజోమ్‌ని కత్తెరతో కత్తిరించి, భోజనాల బల్ల మీద జతలు జతలుగా పేర్చేవారు. అమ్మ కాగితం బొమ్మలతో ఆడుకుంటోందని పిల్లల వేళాకోళం. 1972లో ఆ బల్ల మీదే సంగతి బయటపడింది. 22వ క్రోమోజోమ్ పొట్టిగా ఉన్నచోటల్లా 9వది ఆ మేరకు పొడుగ్గా ఉంది. ముక్క ఎక్కడికీ పోలేదు, పక్కింట్లో చేరింది. మరుసటి ఏడాది అది ‘నేచర్’ పత్రికలో అచ్చయింది.

తరవాతి కథ చాలామందికి తెలిసిందే. ముక్కలు అతుక్కున్నచోట రెండు జన్యువులు కలిసి ఆగకుండా పనిచేసే ఒక ఎంజైముని పుట్టిస్తాయి. దాన్ని అడ్డుకునే ఇమాటినిబ్ అనే మందుని బ్రయన్ డ్రుకర్ అనే డాక్టరు 1998 నుంచి రోగులకిచ్చి చూశారు. తొలి పరీక్షల్లో తగిన మోతాదు అందిన 54 మందిలో 53 మందికి రక్తకణాల లెక్క మామూలు స్థితికి వచ్చింది. మన దేశంలో నెలకు లక్షకు పైగా పలికిన ఆ మందుని, హైదరాబాద్ మందుల కంపెనీ నాట్కో వాళ్లు అందులో పదో వంతు కూడా లేని ధరకి తెచ్చారు. ఆ మందు మీద నడిచిన పేటెంటు తగాదా 2013లో సుప్రీంకోర్టులో తేలింది.

మూడు రోజుల ఉద్యోగం ఎంత పని చేసిందో చూడండి, అని ఇక్కడ ముగిద్దామనుకున్నాను. ఆ భోజనాల బల్ల ఒప్పుకోవడం లేదు. కత్తెర పట్టుకుని కూర్చున్న ఆ రాత్రులూ సెలవు రోజులూ ఏ హాజరు పట్టీలో ఉన్నాయి? అవీ కలిపితే పెద్దమనిషిగారి పక్షమే గెలుస్తుందేమో. గంటలతో ఆయన మీద నెగ్గడం నావల్ల కాదు.

కానీ ఆ బల్ల దాకా ఆవిడ రావడానికి ముందు ఇంకొకటి జరిగింది. 1962లో మొదటిసారి ఆక్స్‌ఫర్డ్ నుంచి తిరిగొచ్చినప్పుడు రౌలీ, లియాన్ జాకబ్సన్ అనే రక్తవ్యాధుల నిపుణుడి దగ్గరకి వెళ్లారు. ఒక మైక్రోస్కోపు, ఒక చీకటిగది ఇప్పించండి, పిల్లల్ని చూసుకునే ఆయాకి ఇవ్వడానికి సరిపడా జీతం కూడా కావాలి, అని అడిగారు. ఆయన సరేనన్నారు. ఆ తరవాత పదేళ్లపాటు లోకం తలెత్తి చూసే ఫలితమేదీ రాలేదు. ఆయన మైక్రోస్కోపు వెనక్కి తీసుకోలేదు. ఇదంతా పరిశోధకురాలి కథగానే చెప్పుకుంటాం, నేనూ అలాగే మొదలుపెట్టాను. ఇప్పుడు నా ఓటు జాకబ్సన్‌గారికి. మన యూనివర్సిటీల్లో ఎవరైనా ప్రాజెక్టు దరఖాస్తులో ‘ఆయా జీతం’ అని ఒక పద్దు రాసి చూడాలి. ఆడిట్ వాళ్లు దాన్ని ఎర్ర సిరాతో కొట్టేసేలోపు, కనీసం ఒక్కరైనా చదువుతారు కదా.