తెల్ల వైనులో పులుపు విలువ

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి యని మన సామెత. ఆ మాటనే తుదిమాటగా గైకొన్నచో రసవిమర్శకు తావే లేదు. కావ్యమునకును లేదు, వంటకమునకును లేదు. జిహ్వలు వేరైనను, రుచి చూచిన వస్తువునందు ఏ గుణమున్నదో, ఏది కొఱవడినదో చెప్పుట సాధ్యమే. ఈ నమ్మకముతోనే చల్లని సీమల తెల్ల వైనును గూర్చి నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాను. మద్యప్రసంగము ఇట్టి సంచికలో తగునా యని శంకించు పెద్దలు మన్నింతురుగాక. నేను త్రాగుడును సమర్థించుట లేదు. ఎంచుకొను విధమును విమర్శించుచున్నాను.

ఇట్టి వైనులు అనేకములు. ఫ్రాన్సున షాబ్లీ, ఆల్సాస్, ఆస్ట్రియాలో వాఖావ్, ఇంక నెన్నియో కలవు. అన్నిటిని చుట్టివచ్చుటకు ఈ పుటలు చాలవు. నాకు ఈ వర్గమున తలమానికముగా తోచినది జర్మనీలో మోసెల్ నదీతీరమున పండు రీస్లింగ్. ఆ ద్రాక్ష పేరు 1435 నాటికే ఒక జర్మన్ ప్రభువుల యింటి లెక్కలలో కనబడుచున్నది.

మోసెల్ లోయ ఇంచుమించు 50వ ఉత్తర అక్షాంశముకడ నున్నది. అచటి కొండచరియలు నిట్టనిలువుగా నుండును. బ్రెమ్ గ్రామముకడ కాల్‌మాంట్ అను చరియ కొన్నిచోట్ల 65 డిగ్రీల వాలు గలది. అట్టి తావున ట్రాక్టరు నడువదు. మనుష్యుడే యెక్కి తీగ కత్తిరింపవలెను, పండు కోయవలెను. కాలిక్రింద పలకరాయి. మార్కాపురపు పలకలపై ఓనమాలు దిద్దిన మనకు ఆ రాతితో పరిచయము కలదు. పగలు గ్రహించిన వేడిని ఆ రాయి రాత్రి మెల్లగా వదలును. దిగువ నది వెలుగును చరియపైకి మరలించును. ఇంత సాయమున్నను అచట ద్రాక్ష తొందరపడి పండదు.

ద్రాక్షలో ప్రధానమైన పులుపులు రెండు. ఒకటి టార్టారిక్ ఆమ్లము. మన చింతపండు పులుపునకును మూలమిదియే. రెండవది మాలిక్ ఆమ్లము. ఆపిలు పండుకు పులుపు నిచ్చునది. ఎండ వేడికి ఈ రెండవది పండులోనే హరించిపోవును. ఉష్ణదేశములందు చక్కెర త్వరగా నెక్కును, పులుపు త్వరగా దిగును. ఆ రసముతో చేసిన తెల్ల వైను బరువుగా, చప్పగా తోచుట కలదు. చల్లని సీమలో చక్కెర యెక్కువరకును పులుపు నిలిచియుండును. కనుకనే మోసెల్ వైనులో లీటరుకు 40 గ్రాముల చక్కెర మిగిలియున్నను పానకము త్రాగినట్లుండదు. బెల్లము లేని పులుసు, పులుపు చాలని పులుసు ఎట్లుండునో మన వంటయింట వేరుగా చెప్పనక్కరలేదు.

మన ఆలంకారికులు కావ్యములను ద్రాక్షాపాకము, కదళీపాకము, నారికేళపాకము అని విభజించిరి. నోట పడినంతనే రసము నిచ్చునది ద్రాక్షాపాకము. వింత యేమనగా, మంచి మోసెల్ రీస్లింగ్ ద్రాక్షనుండి పుట్టియు ద్రాక్షాపాకము కాదు. మొదటి గ్రుక్కకు పులుపను పెంకు తగులును. లోని తీపి, పండ్ల పరిమళము పిదప తెలియును. దానిని నారికేళపాకమున చేర్చుటయే న్యాయము.

ఇట్టి వైనును కొలుచుటకు జర్మనీ 1971 నాటి శాసనములో ఎంచుకొన్న కొలబద్ద పులుపు కాదు, చక్కెర. పిండిన రసపు సాంద్రతను ఎక్స్‌లె డిగ్రీలలో కొలిచి, కాబినెట్, ష్పేట్‌లేజె, ఔస్‌లేజె యని పైపైకి మెట్లు కట్టిరి. ఈ మెట్లు కోతనాటి పక్వతను చెప్పునే గాని సీసాలో మిగిలిన తీపిని చెప్పవు. కొనువాడు ఈ రెంటిని ఒకటిగా భ్రమించును. అయినను ద్రాక్ష పూర్తిగా పండుట అరుదైన కాలమున ఆ కొలబద్దకు అర్థముండెను. అరుదైనదానికి వెలకట్టుట సహజము కదా! నేడు వాతావరణము వేడెక్కినది. కోతలు ముందునకు జరిగినవి. తీగమీదనే గడ్డకట్టిన ద్రాక్షతో చేయు ఐస్‌వైనునకు సున్నకు దిగువ 7 డిగ్రీల చలి కావలెను. 2019 పంటకు ఆ దేశపు 13 ద్రాక్షప్రాంతములలో ఒక్కదానియందును ఆ వైను చేయుటకు వీలుకాలేదు. నేడు అరుదగుచున్నది తీపి కాదు, పులుపు. చీటిమీది మెట్లు మాత్రము నాటివే.

ఆ శాసనముదే మఱియొక లోపము కలదు. పీస్‌పోర్టర్ గోల్డ్‌ట్రోప్‌షెన్ అనునది పీస్‌పోర్ట్ గ్రామపు ప్రసిద్ధమైన చరియ. పీస్‌పోర్టర్ మిషెల్స్‌బెర్గ్ అనునది పలుగ్రామముల తోటలను కలిపిన విశాలప్రాంతము. పేళ్లు రెండును ఒకే అచ్చున నుండుటచే ఎఱుగనివాడు ఒకదానికి బదులు వేఱొకదానిని కొనును. 2021లో శాసనమును సవరించి పక్వతకంటె పుట్టినచోటునకు ప్రాధాన్య మిచ్చుట ఆలస్యముగా నైనను మంచిపని.

నూటికి ఇన్ని యని మార్కులు వేయు పద్ధతిని అమెరికా విమర్శకుడు రాబర్ట్ పార్కర్ లోకమున వ్యాపింపజేసెను. ఆ పద్ధతిపై నాకు గౌరవము తక్కువ. ఒకే పూట పదుల కొలది వైనులను నోట పోసి ఉమియువేళ బలమైనదే ముందుగా చెవిలో కేక వేయును. ఎనిమిది శాతము ఆల్కహాలు గల కాబినెట్ మెల్లగా మాటలాడును. అంత సందడిలో దాని మాట వినువారెవరు?

రుచి చూచువిధము కష్టమైనది కాదు. సీసాను మంచుగడ్డగా చేయరాదు. మితిమీరిన చలిలో పరిమళము మూగపోవును. 8 మొదలు 10 డిగ్రీలు చాలును. మూతి కొంచెము ముడుచుకొన్న గాజుగ్లాసులో మూడవవంతు పోసి, త్రిప్పి, వాసన చూడవలెను. ముదిసిన రీస్లింగులో కిరసనాయిలు వంటి వాసన వచ్చుట కలదు. చెడినదని పారబోయకుడు, అది ఆ ద్రాక్ష జాతిలక్షణము. మ్రింగిన పిదప నోరు ఊరుచున్నదా, ఎండిపోవుచున్నదా యని గమనింపవలెను. నోరూరినచో పులుపు సజీవముగ నున్నదని యర్థము.

బెంగుళూరులో మా యింట ఒకనాటి రాత్రి, మిత్రుడొకడు జర్మనీనుండి తెచ్చిన రెండు మోసెల్ సీసాలను విప్పితిమి. ఒకటి కాబినెట్, ఒకటి తియ్యని ఔస్‌లేజె. మొదటి గ్రుక్కకు అందఱును ఔస్‌లేజెకే ఓటు వేసిరి. పిమ్మట పులిహోర, మిరపకాయ బజ్జీలు వచ్చినవి. గంట గడచునప్పటికి కాబినెట్ సీసా ఖాళీ. రెండవది సగము మిగిలియుండెను. ఆల్కహాలు హెచ్చైన వైను మిరపకాయ మంటను పెంచును. కాబినెట్టులోని కొద్దిపాటి తీపి దానిని చల్లార్చును. మా బాబాయిగారు మాత్రము తమ ఓటు మార్చుకొనలేదు. "పాయసము చివర రావలసినది. మీరు ముందే వడ్డించి తప్పు దానిమీద మోపుచున్నారు" అనిరి. ఆ మాట కాదనలేకపోతిని. ఔస్‌లేజెను కడపట, వేఱేమియు లేకుండ, చిన్న గ్లాసులో పోయవలసియుండెను.

ఆనాటినుండి సీసా కొనవలసివచ్చినపుడు మెట్టు పేరు చూచుటకు ముందు ఆల్కహాలు శాతమును చూచుచున్నాను. మోసెల్ రీస్లింగులో 8 ప్రాంతమున నున్నచో తీపి మిగిలినదనియు, 12 ప్రాంతమున నున్నచో చక్కెర చాలవఱకు పులిసి ఆల్కహాలుగా మాఱినదనియు గ్రహింతును. "ట్రోకెన్" అని యున్నచో సందేహమే లేదు. లీటరుకు 9 గ్రాములకు మించి చక్కెర యుండదు. పిదప తోట పేరు, పండించినవాని పేరు. మెట్టు పేరు చదువుట చివరి పని.