సీసాలో నిలిచిన తెరచాప

డెన్మార్క్‌లో ఫ్యూనెన్ ద్వీపానికి దక్షిణాన తెరచాప పడవల్లో తిరిగేవాళ్ళు గాలి మాట వినాల్సిందే. ఎదురుగాలి ముదిరితే అనుకున్న రేవు వదులుకొని, దగ్గర్లోని ఎరో ద్వీపంలో ఆగిపోతారు. అక్కడి ఎరోస్కోబింగ్ గుండ్రాళ్ళ వీధులూ పాతకాలపు ఇళ్ళూ ఉన్న చిన్న ఊరు, సందడి తక్కువ. అలా ఆగినవాళ్ళు సీసా ఓడల మ్యూజియానికి వెళ్ళి, ఒక్క సీసా దగ్గరైనా తీరిగ్గా నిలబడాలని నా కోరిక.

ఓడల్లో వంటవాడిగా పనిచేసిన పీటర్ యాకబ్‌సెన్ (1873–1960) చేతిపని అది. అందరూ సీసాల పీటర్ అనేవారు. 1,700కు పైగా ఓడలను ఆయన సీసాల్లోకి ఎక్కించాడు.

ఓడ లోపలికి ఎలా వెళ్ళిందని అందరూ అడుగుతారు. వెళ్ళాక ఎలా నిలబడిందన్నదే నాకు అసలు ప్రశ్న. ఈ పనిలో వాడుకగా వచ్చే పద్ధతి ఇది. ఓడ మొండేన్ని సీసా మెడలో పట్టేంత సన్నగా చెక్కుతారు. తెరచాప కొయ్యల అడుగున సన్నని తీగ ఇరుసుగా ఉంటుంది. వాటిని వెనక్కి పడుకోబెట్టవచ్చు. ఒక్కో కొయ్య కొస నుంచి దారం ముందుకొచ్చి, ఓడ ముక్కున పొడుచుకొచ్చిన కొయ్యకున్న రంధ్రంలో దూరి, సీసా బయటికి వస్తుంది. పందిరి రాటకు కట్టినట్టు పక్కల కూడా దారాలుంటాయి. కిటుకంతా వాటిలోనే ఉంది. వాటి మొదళ్ళను ఇరుసుకు కాస్త వెనకగా కడతారు. కొయ్య పడుకున్నప్పుడు అవి వదులు, లేచేకొద్దీ బిగుసుకుంటాయి. నిటారుగా నిలిచిన కొయ్యను అంతకుమించి ముందుకు వాలనివ్వవు. ముందు దారం లాగుతుంది, పక్క దారాలు ఆపుతాయి. ఆ రెంటి మధ్య కొయ్య కదలకుండా ఉంటుంది. మొదళ్ళను ఇరుసుకు ముందు కడితే కొయ్య పడుకోనే పడుకోదు, ఓడ మెడ దాటదు. రెండు మూడు మిల్లీమీటర్ల తేడా మీద పనంతా ఆధారపడింది!

సముద్రం ముందే సిద్ధంగా ఉండాలి. నీలిరంగు కలిపిన లప్పాన్ని పొడుగాటి తీగతో లోపల పరిచి, అలలు దిద్దుతారు. ఓడను వెనకభాగం ముందుగా లోపలికి నెట్టి లప్పంలో అదుముతారు. అప్పుడు దారాలు ఒక్కొక్కటీ లాగుతారు. రంధ్రాల దగ్గర జిగురు చుక్కలు పెట్టి, ఆరాక, తీగకు కట్టిన బ్లేడు ముక్కతో మిగిలిన దారాన్ని కోస్తారు. లప్పం పూర్తిగా ఎండాకే బిరడా బిగించాలి, తొందరపడితే గాజు లోపల మసకబారుతుంది.