తొమ్మిదో ప్రశ్న

ఈ వారం నాకు చిర్రెత్తుకొచ్చింది ఒక పలక వల్ల. మనం బళ్ళో బలపంతో దిద్దిన పలక కాదు, వేలితో రుద్దే పలక. వారానికి రెండు సాయంత్రాలు నేను వెళ్ళి కూర్చునే క్లినిక్ మా శిష్యురాలిదని పాత పాఠకులకు తెలుసు. సోమవారం వెళ్ళేసరికి బయట బెంచీ మీద ఆ ట్యాబ్ చేతులు మారుతోంది. అందులో తొమ్మిది ప్రశ్నలు. ఈ రెండు వారాల్లో దేనిమీదా మనసు పోకపోవడం ఎన్ని రోజులుంది, నిద్రెలా ఉంది, తిండెలా ఉంది, ఇలా. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా మార్కులు, మొత్తం 27కి. మనిషి నా గదిలోకి రాకముందే ఆయన మార్కులు వచ్చేస్తాయి.

"ఇదేంటమ్మా, టెన్త్ ఫలితాలా?" అన్నాను.

"పీహెచ్‌క్యూ-9 సార్. మీకు టైం కలిసొస్తుందని."

నాకు టైం కలిసి రావాలని ఎవరు ఏడ్చారు? మా వృత్తిలో ఉన్నదంతా ఆ పోయే టైమే కదా! గుండెల మీద స్టెతస్కోపు పెట్టి దిగులు ఎంతుందో వినలేం. రక్తం తీసి భయాన్ని కొలవలేం. థైరాయిడ్, హిమోగ్లోబిన్ చూస్తాం గానీ, అది వేరే రోగం ఈ వేషంలో రాలేదు కదా అని తేల్చుకోవడానికి. మిగతాదంతా మాటే.

పైగా ఆ ప్రశ్నల తెలుగు! మనవాళ్ళు "డాక్టరు గారూ, నాకు నిస్పృహగా ఉంది" అంటూ వస్తారా? తల తిప్పుతోందండీ అంటారు. కాళ్ళు పీకులు, ఒంట్లో ఆవిర్లు, గ్యాసు, గుండెదడ అంటారు. "బలానికో బాటిల్ ఎక్కించండి" అంటారు. ఆ బాటిల్ మీదా, ఊరూరా గోడల మీద కనిపించే 'నరాల బలహీనత' రాతల మీదా నేను ఇక్కడ చేసిన యుద్ధాలు మీకు గుర్తే. మళ్ళీ మొదలెట్టను. బెంగ గురించి మాత్రం మరోసారి భరించండి. కూతుర్ని అత్తారింటికి పంపిన తల్లికి జ్వరం వస్తే, మందుబిళ్ళ వెయ్యకముందే పక్కింటావిడ "బెంగమ్మా" అని తేల్చేస్తుంది. మనసూ, ఒళ్ళూ, కారణమూ ఒక్క మాటలో వచ్చేశాయి. ఇంత మాట మనకుండగా సున్నాలూ మూళ్ళూ ఏమిటని నా గొణుగుడు.

ఆ తొమ్మిదింటి పుట్టుక చెబితే నా కోపం మీకూ కొంత వస్తుంది. 2001లో అమెరికాలో క్రోంకీ, స్పిట్జర్, విలియమ్స్ అనే ముగ్గురు అచ్చు వేశారు. డబ్బు సాయం ఫైజర్ కంపెనీది. సెర్ట్రలిన్ అనే డిప్రెషన్ మందు అప్పట్లో ఆ కంపెనీదే. పది మార్కులు, ఆపైన వస్తే అనుమానించమంటారు. కానీ నెల కిందట భార్య పోయినాయన కూడా సులువుగా పదహారు తెచ్చుకుంటాడు, అది దుఃఖమా జబ్బా అన్నది పలకకి తెలీదు. ఒకప్పుడు నెల్లాళ్ళు నిద్ర లేకుండా, ఉన్న పొలం అమ్మి ఊరందరికీ పంచిపెట్టినవాడు ఇవాళ దిగులుతో మంచమెక్కాడనుకోండి, ఆ ఉన్మాదం సంగతి తొమ్మిదింటిలో ఏదీ అడగదు. అది అడక్కుండా వట్టి డిప్రెషన్ మందు ఇస్తే మళ్ళీ ఉన్మాదంలోకి ఎగదోసినట్టవచ్చు.

ఈ ఉపన్యాసం మా శిష్యురాలికి ఇచ్చి, పలకని బోర్లించి, మొదటి పేషంటుని పిలిచాను.

కైకలూరు వైపు చేపల చెరువుల రైతు, భార్యతో వచ్చాడు. సంచీ నిండా ఈసీజీలు, ఎకోలు. గుండె నిక్షేపంలా ఉందని ముగ్గురు డాక్టర్లు రాసిచ్చారు. ఈయనకి మాత్రం ఉన్నట్టుండి దడ, అరచేతుల్లో తిమ్మిరి, గాలి ఆడదు, ఇదే ఆఖరన్నట్టు ఉంటుంది. పది నిమిషాల్లో ముదిరి, అరగంటకల్లా దిగిపోతుంది. బస్సెక్కడం మానేశాడు. పక్కన మనిషి లేకుండా చెరువు గట్టుకి కూడా వెళ్ళడు. రెండేళ్ళుగా ఊళ్ళో ఆర్‌ఎంపీ ఇచ్చిన ఆల్‌ప్రజోలం రాత్రికొకటి. అది ఒక్కసారిగా ఆపకూడదు, వారాల తరబడి కొంచెం కొంచెంగా దించాలి. కాఫీలు ఎన్ని, థైరాయిడ్ చూశారా, పాత ఉన్మాదమేమైనా ఉందా, అన్నీ అడిగాను. పానిక్ డిజార్డర్. సెర్ట్రలిన్ 25 మిల్లీగ్రాములతో మొదలు. మొదటి వారం దడ కాస్త పెరిగినా కంగారుపడొద్దని, గుణం కనిపించడానికి నాలుగైదు వారాలు పడుతుందని, తగ్గాక కూడా నెలల తరబడి వాడాలని చెప్పాను. ఆయన్ని మేడ మెట్లు గబగబా ఎక్కించి, దించి, "ఈ దడా ఆ దడా ఒకటే, చచ్చిపోయావా?" అన్నాను. నవ్వాడు. పలక లేకుండా ఇరవై నిమిషాలు. నా భుజం నేనే తట్టుకున్నాను.

ఆయన "గాలి ఆడదండీ" అన్నప్పుడు మాత్రం నా ఆలోచన క్షణంపాటు దివిసీమ పోయింది. గాలి మాట ఎవరెత్తినా నాకంతే.

1977 నవంబరు 19, ఉప్పెన. అధికారిక లెక్కలోనే పదివేల ప్రాణాల దాకా. నేనప్పుడు హౌస్ సర్జన్‌ని. అవనిగడ్డ దగ్గర ఒక బడిలో మా క్యాంపు. పగలంతా కలరా సూదులు, కట్లు. రాత్రి తాటాకుల మీద గాలి ఊదిందంటే చాలు, ఒకావిడ లేచి వరండా స్తంభాన్ని కౌగిలించుకునేది. ఇద్దరు పట్టుకున్నా విడిచేది కాదు. దడుచుకుందని కొందరు, గాలి సోకిందని కొందరు. ఎవరో విభూతి పెట్టారు. నేను కేసు షీటులో 'హిస్టీరియా' అని రాశాను. ఎవరి చదువు వారిది.

పెద్ద డాక్టరొకాయన నాకు చెప్పారు: "నోరు విప్పించవోయ్. లోపలున్నదంతా కక్కిస్తే తేలికపడుతుంది." మాటే మందని అప్పటికే నమ్మినవాణ్ణి, ఆవిడ ఎదురుగా కూర్చుని మొదట్నించీ అడిగాను. నీళ్ళు ఏ వైపు నుంచి వచ్చాయి, ఏ చెట్టు దొరికింది, పిల్లవాడి చెయ్యి ఎప్పుడు జారింది. చెప్పింది. అన్నీ చెప్పింది. ఆ రాత్రి స్తంభాన్ని మరింత గట్టిగా పట్టుకుంది. మర్నాడు నన్ను చూసి మొహం తిప్పుకుంది. రాత్రికి డయాజెపాం ఇచ్చాం.

ఆ స్తంభానికి పేరు మూడేళ్ళకి వచ్చింది. 1980లో అమెరికన్ సైకియాట్రిస్టుల పుస్తకంలో పీటీఎస్‌డీ అని చేర్చారు, వియత్నాం నుంచి తిరిగొచ్చిన సైనికుల పోరు వల్ల. దివిసీమ వాళ్ళ కోసం ఎవరూ పోరలేదు. తర్వాతి పరిశోధనల్లో ఇంకొకటి తేలింది. ఘోరం జరిగిన కొద్ది రోజుల్లోనే కూర్చోబెట్టి అంతా ఒక్కసారి చెప్పించడం వల్ల మేలు కనిపించలేదు, కొందరికి కీడే జరిగింది. ఆ మొదటి నెలలో డయాజెపాం జాతి మందులు ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో చెప్పింది. రెండూ నేను చేశాను. నెలలు గడిచినా ఆ నీళ్ళే కళ్ళముందు తిరుగుతుంటే, అప్పుడు శిక్షణ ఉన్నవాళ్ళ దగ్గర, ఆమె ఓపికను బట్టి, మళ్ళీ మళ్ళీ చెప్పుకోవడమే వైద్యం. మూడోరోజున, నాలాంటి కుర్రాడి దగ్గర కాదు. ఆ క్యాంపులో సరైన వైద్యం చేసింది ఒక ముసలావిడ. గంజి తెచ్చి పెట్టి, ఏమీ అడక్కుండా, స్తంభానికి అవతల వైపు తనూ ఆనుకుని కూర్చునేది.

ఇది ఇన్నాళ్ళూ మీకు చెప్పలేదు. చెప్పడానికి కారణం, సోమవారం ఆ తర్వాత జరిగింది.

రైతు చీటీ తీసుకుని వెళ్ళిపోయాడు. నేను బోర్లించిన పలకని మా శిష్యురాలు తిప్పి నా ముందు పెట్టింది. "తొమ్మిదోది చూశారా సార్?"

తొమ్మిదో ప్రశ్న చావు గురించి. బతక్కపోతే బాగుండునని గానీ, తనకి తాను హాని చేసుకోవాలని గానీ అనిపించిందా అని. ఆయన రెండు వేశాడు. సగం రోజులకు పైనే అన్నమాట.

నేనడగలేదు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందన్న భయం నాకు లేదు. అది అబద్ధమని నేనే ఈ కాలమ్‌లో ఎన్నోసార్లు రాశాను. మరెందుకు అడగలేదు? ఆయన నవ్వాడు. కబుర్లు బాగా సాగాయి. పైగా పక్కన భార్య ఉంది, నా ప్రశ్నల్లో సగానికి ఆవిడే బదులు చెప్పింది. మన క్లినిక్కుల్లో ఇది మామూలే. ఆవిణ్ణి ఐదు నిమిషాలు బయట కూర్చోమనడం నాకు తోచలేదు. ఆయన ఒంటరిగా మాట్లాడింది ఒక్క పలకతోనే.

సిస్టర్ పరిగెత్తి మందుల షాపు దగ్గర పట్టుకుంది. భార్యకి టీ ఇప్పించి, ఆయన్ని ఒక్కణ్ణీ కూర్చోబెట్టాను. అప్పులు. చెరువులో చేప చచ్చింది. "ఆవిడ ముందు ఎలా చెప్పమంటారండీ?" అన్నాడు. ఈసారి మెట్లెక్కించలేదు. ఆయన సరేనన్నాకే భార్యని పిలిచాం. ఇంట్లో ఉన్న చెరువు మందుల డబ్బాలు ఆ రాత్రికే వేరే ఇంటికి చేరాలన్నాం. మందులు వారానికి సరిపడా మాత్రమే రాశాం. చీటీ పైన 14416 అని పెద్ద అంకెల్లో రాశాను. టెలీ-మానస్, డబ్బులక్కర్లేదు, ఏ రాత్రయినా తెలుగులో పలుకుతారు. గురువారం మళ్ళీ రమ్మన్నాం.

1980లో పీటీఎస్‌డీని పుస్తకంలోకి తెచ్చిన బృందానికి పెద్ద ఎవరో చెప్పలేదు కదూ? రాబర్ట్ స్పిట్జర్. ఈ తొమ్మిది ప్రశ్నల్లో చెయ్యి ఉన్న ఆ స్పిట్జరే. పరమ జాబితాల మనిషి. ఆయన మీద నేను వేసిన జోకులు మా శిష్యురాలికి కంఠతా వచ్చు.

బుధవారం రాజీకి వెళ్ళాను. ప్రశ్నల్లో ఎక్కడో ఒకచోట 'బెంగ' పెట్టమన్నాను. "ఇష్టమొచ్చినట్టు మాట మారిస్తే లెక్క చెడుతుంది సార్, దానికో పద్ధతుంది" అంది. పెట్టలేదు. అర్థం కానివాళ్ళకి సిస్టర్ పక్కన కూర్చుని నోటితో చెబుతోంది, అందులో ఎన్ని బెంగలు పడుతున్నాయో నేను వింటూనే ఉన్నాను.

గురువారం ఆ దంపతులు ముందే వచ్చి కూర్చున్నారు. ఆయన ఇంకా దిగులుగానే ఉన్నాడు, నాలుగు రోజుల్లో మారేది కాదు. డబ్బాలన్నీ తమ్ముడింటికి పంపేశానని ఆవిడ చెప్పింది. ఆయన లోపలికి వెళ్ళాక గుమ్మం దగ్గర ఆగి, గొంతు తగ్గించి, "ఆ పలక నాకూ ఒకసారి ఇస్తారా అండీ?" అంది.