తగిలి పోయిన బంతి

2022 మార్చి 20, ఆదివారం. మేడారం జాతర ముగిసి నెల దాటింది. కొత్తగూడ చుట్టుపక్కల ఇప్పచెట్ల కింద పొద్దున్నే పువ్వు ఏరుతున్నారు, మక్క చేన్లు కంకి మీదున్నాయి. కంకి మీదున్న చేనుకు రాత్రి కాపలా లేకపోతే అడవి పందులు దిగుతాయి, తెల్లారేసరికి సగం చేను నేల మీదుంటుంది. అందుకే ఆ రాత్రి ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్‌ను నేను ఇంట్లో టీవీలో చూస్తే, మా బావమరిది మంచె మీద కూర్చొని ఫోన్‌లో చూశాడు. మంచె మీదికి సిగ్నల్ ఇంట్లోకన్నా బాగా వస్తుంది. మ్యాచ్ అయిపోయిన నిమిషానికే ఫోన్ చేశాడు.

"బావా, కట్టిమని దేవుడే!"

"దేవుడు సరేగానీ, ఆ రాహుల్ కొట్టిన బంతిని ఎట్ల ఇడిసిపెట్టిండు?" అన్నాను.

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత డబ్బా కొట్టిన మోత వినిపించింది. పందులు వచ్చాయో, నా మాటకు ఒళ్లు మండిందో తెలియదు.

ఆ తగువు తెగలేదు. తెగకపోవడానికి కారణం ఉందని నాకు నెమ్మదిగా అర్థమైంది. మేమిద్దరం ఒకే మ్యాచును చూశాం కానీ ఒకే మనిషిని చూడలేదు. వాడు చివరి పది నిమిషాల కట్టిమనిని, అంటే హైదరాబాద్ గోల్‌కీపర్‌ను, చూశాడు. నేను అంతకుముందు రెండు గంటల కట్టిమనిని చూశాను, ఎదుటి గోలులో నిలబడ్డ ప్రభ్‌సుఖన్ గిల్‌ను కూడా చూశాను. ఆ ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి తూచాలని అప్పటి నుంచీ నా కోరిక.

మ్యాచ్ సంగతి మరిచిపోయినవాళ్ల కోసం రెండు ముక్కలు. గోవాలోని మడ్గావ్‌లో ఫతోర్దా మైదానం. హైదరాబాద్ ఎఫ్‌సీ, కేరళ బ్లాస్టర్స్. కరోనా వల్ల రెండు సీజన్లు ఖాళీ కుర్చీల ముందు ఆడిన లీగ్‌లో ఫైనల్‌కు మళ్లీ జనం వచ్చారు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది పసుపు బట్టలేసుకున్న మలయాళీలే. తమాషా ఏమిటంటే, మైదానం లోపల పసుపు చొక్కా హైదరాబాద్‌ది. లీగ్ పట్టికలో మనవాళ్లు రెండో స్థానం, వాళ్లు నాలుగు. పైనున్నవాళ్లకే తమ రంగు దక్కింది, కేరళ ఆటగాళ్లు నల్ల చొక్కాల్లో దిగారు. 68వ నిమిషంలో రాహుల్ కేపీ కేరళకు గోల్ కొట్టాడు. 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేశాడు. అదనపు సమయం తేల్చలేదు. పెనాల్టీల్లో 3-1తో కప్పు హైదరాబాద్‌కు వచ్చింది. రెండేళ్ల ముందు, 2019-20లో, తన మొదటి సీజన్‌లో అట్టడుగున నిలిచిన జట్టు అది.

ఇక తూకం. మా దగ్గర ఫుట్‌బాల్ ఆడేవాళ్లు తక్కువ. బడి వెనక ఖాళీ జాగాలో రెండు కట్టెలు పాతి, నెట్టు కట్టి వాలీబాల్ ఆడతాం. అందులో చిన్నపిల్లలకు కూడా తెలిసిన లెక్క ఒకటుంది: చెయ్యి తగిలి బయటికి పోయిన బంతి తగిలించినవాడి ఖాతాలోకే పోతుంది. అసలు తగలకుండా పోతే అవతలివాడిది తప్పో ఒప్పో చూడాలి. తగిలిందంటే మాత్రం నువ్వు అక్కడికి చేరావు, బంతిని చూశావు, అయినా నిలపలేకపోయావు. నేను గోల్‌కీపర్లకు మార్కులు వేసేది ఈ లెక్కతోనే. ఫుట్‌బాల్ పండితులు ఒప్పుకోకపోవచ్చు. వాళ్లు వాలీబాల్ ఆడి ఉండరు.

ఈ లెక్కన రెండు గోల్స్‌నూ పక్కపక్కన పెట్టండి. రాహుల్ పెనాల్టీ బాక్స్ బయటి నుంచి కొట్టాడు. బంతిలో బలం ఉంది, నిజమే. కానీ అది నేరుగా కట్టిమని చేతుల దాకా వచ్చింది. చేతులు తగిలాయి. తగిలి లోపలికి పోయింది. తవోరా కొట్టినదీ బాక్స్ బయటి నుంచే. కేరళవాళ్లు తలతో బయటికి నెట్టిన బంతిని కింద పడనివ్వకుండా తన్నాడు. దానికి గిల్ దూకాడు, అందలేదు. అది ఎవరికీ అందే బంతి కాదు. రెండూ స్కోరుకార్డులో ఒక్కొక్క గోలే. నా పుస్తకంలో మాత్రం మొదటిది గోలీ ఇచ్చింది, రెండోది కొట్టినవాడు తీసుకున్నది.

గిల్ అప్పటికి 21 ఏళ్ల పిల్లవాడు. సీజన్ మొదట్లో అతను కేరళకు మొదటి ఎంపిక కూడా కాదు. ఆల్బినో గోమ్స్ గాయపడితే దిగాడు, దిగినవాడు మళ్లీ చోటు వదల్లేదు, ఆ సీజన్ గోల్డెన్ గ్లవ్ అతనికే ఇచ్చారు. ఫైనల్లో అతని ఆట చూస్తే ఎందుకిచ్చారో తెలుస్తుంది. మొదటి సగం చివర్లో హావియర్ సివేరియో దగ్గరి నుంచి తలతో కొట్టిన బంతిని ఆపిన తీరే తీసుకోండి. గిల్‌లో నాకు నచ్చేది దూకడం కాదు, దూకక ముందు వేసే రెండు చిన్న అడుగులు. బంతి ఎటొస్తుందో ముందే పసిగట్టి, ఒంటిని అక్కడ పెట్టుకుంటాడు. అప్పుడు ఆపడం తేలికగా కనిపిస్తుంది. తేలికగా కనిపించిన పనిని ఎవరూ పొగడరు. రాత్రంతా మేలుకొని చేను కాపాడినవాడికి పొద్దున ఎవరైనా దండేస్తారా? పందులు దిగిన రోజే వాడి పేరు ఊళ్లో వినిపిస్తుంది.

కట్టిమని తీరు వేరు. 32 ఏళ్లు, గోవా మనిషి, ఆ మైదానంలో గడ్డిపరక గడ్డిపరకా తెలిసినవాడు. అతను గీత మీద ఎప్పుడూ కదులుతూనే ఉంటాడు. అడుగు ముందుకు, అడుగు పక్కకు. ఆటగాడి కళ్లలోకి చూస్తాడు. ఇది మామూలు ఆటలో కొన్నిసార్లు చేటు చేస్తుంది, బంతి వచ్చే క్షణానికి కాళ్లు కుదురుగా ఉండవు. రాహుల్ గోల్‌కు కారణం అదేనని నా అనుమానం. కానీ పెనాల్టీల దగ్గర అదే గుణం అవతలివాడి గుండెలో దడ పుట్టిస్తుంది.

ఈ మనిషిని సరిగా తూచాలంటే గిల్ పక్కనే కాదు, ఇంకో కట్టిమని పక్కన కూడా నిలబెట్టాలి. 2015 డిసెంబర్ 20. ఇదే ఫతోర్దా, ఇదే లీగ్ ఫైనల్. అప్పుడతను ఎఫ్‌సీ గోవా గోలీ, ఎదుట చెన్నైయిన్. ఆ రోజు బ్రూనో పెలిస్సారి పెనాల్టీ కొడితే ఆపాడు. ఆపిన బంతి తిరిగి పెలిస్సారి కాలి దగ్గరికే వెళ్లింది, అతను లోపలికి తన్నాడు. అయినా గోవా పుంజుకుంది, 87వ నిమిషంలో 2-1తో ముందుకొచ్చింది. సొంత ఊరి జనం కప్పు చేతికొచ్చినట్టే లేచి నిలబడ్డారు. 90వ నిమిషంలో కట్టిమని చెయ్యి తగిలిన బంతి సొంత గోల్లోకే పోయింది. రికార్డుల్లో ఆ గోల్ పక్కన అతని పేరే ఉంది. ఆ వెంటనే స్టీవెన్ మెండోసా మరొకటి కొట్టాడు, 3-2తో చెన్నైయిన్ గెలిచింది.

ఆరేళ్ల తర్వాత అదే మైదానం, మళ్లీ ఫైనల్, మళ్లీ చేతికి తగిలి లోపలికి పోయిన బంతి. 68వ నిమిషంలో కెమెరా అతని ముఖం చూపించింది. నేను అప్పుడు 2015ను తలచుకున్నాను. అతను తలచుకోలేదంటే నేను నమ్మను.

ఇక్కడే నేను మా బావమరిదికి కొంత దిగివస్తాను. పెనాల్టీల్లో గోలీకి నిజానికి భారం లేదు. పన్నెండు గజాల దూరం, ఏడు మీటర్లకు పైగా వెడల్పున్న గోల్, అర సెకను. గోల్ పడితే ఎవరూ తిట్టరు, ఆపితే భుజాలకెత్తుకుంటారు. భారమంతా తన్నేవాడిది. కాబట్టి మార్కో లెస్కోవిచ్ కొట్టిన మొదటి బంతిని ఆపినందుకు నేను కట్టిమనికి మామూలు మార్కులే వేస్తాను. జీక్సన్ సింగ్ బంతికీ అంతే. కానీ నిషు కుమార్ దగ్గర జరిగింది వేరు. బంతిని ఆపాడు, హైదరాబాద్ వాళ్లు ఎగిరారు. రిఫరీ మళ్లీ కొట్టమన్నాడు. తన్నే క్షణానికి గోలీ కాలు ఒకటైనా గీత మీద ఉండాలి, ఈయన ముందుకొచ్చేశాడు. అంటే ఆపిన ఘనత పోయింది, తప్పు మాత్రం తన పేర మిగిలింది. ఇప్పుడు గోల్ పడితే అది తన చేతి చలవే. ఆ ఒక్క తన్నుకు భారం తన్నేవాడి భుజం మీది నుంచి గోలీ భుజం మీదికి మారింది. ముందుకు అడుగు వేయడానికి లేదు, అలవాటైన నాట్యం మానాలి. ఆ బంతినీ ఆపాడు. 120 నిమిషాల్లో, ఆ తర్వాతి పెనాల్టీల్లో కలిపి ఆ రాత్రి ఎవరు చేసిన పనైనా దీని ముందు చిన్నదే. గిల్ చేసినవన్నీ కలిపినా సరే.

మరి గిల్? ఆ పెనాల్టీల్లో అతని చేతికి ఒక్కటీ చిక్కలేదు. సివేరియో తప్పాడు కానీ అది సివేరియో పుణ్యమే. జోవా విక్టర్, ఖాసా కమారా, చివరికి హలీచరణ్ నర్జరీ ముగ్గురూ గోల్ చేశారు. గిల్ బాగా దూకాడు, తప్పు చేయలేదు. ఎవరూ తిట్టలేదు, తిట్టాల్సింది లేదు కూడా.

కాబట్టి నా లెక్క ఇది. అందాల్సిన బంతిని అందుకోవడంలో గిల్ మేలు. అందనక్కర్లేని బంతిని అందుకోవడంలో కట్టిమని మేలు. ఈ రెండూ ఒకే పని అనుకుని సగటు తీయడం నాకు రాదు. అయినా పదికి వేయమంటే గిల్‌కు ఎనిమిది, కట్టిమనికి ఏడు. "కప్పు తెచ్చినోనికి తక్కువ, ఓడినోనికి ఎక్కువనా?" అని బావమరిది ఇప్పటికీ అడుగుతాడు. అవును, అంతే.

ముందు వరస గురించి ఎక్కువ చెప్పడానికేమీ లేదు. బార్తొలోమ్యూ ఓగ్బెచె ఆ సీజన్‌లో 18 గోల్స్ కొట్టాడు, ఒకప్పుడు కేరళకే ఆడినవాడు. ఆల్వారో వాస్కెజ్ ఫైనల్లో దూరం నుంచి కొట్టిన బంతి గోలు పైకొయ్యకు తగిలి వెనక్కొచ్చింది. ఇద్దరూ ఆ రాత్రి ఒక్క గోలూ చేయలేదు. సహల్ అబ్దుల్ సమద్ గాయంతో ఆడకపోవడం కేరళకు పెద్ద లోటు. కోచ్‌లలో మనోలో మార్కెజ్‌కే నా ఓటు, తవోరాను బెంచీ మీది నుంచి దించింది ఆయనే కదా.

ఎవరు ఏ రోజుకు పనికొస్తారో కనిపెట్టడం హైదరాబాద్‌కు కొత్త కాదు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత జట్టు కోచ్, హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీమ్ సెమీఫైనల్‌ను ప్రద్యుత్ బర్మన్‌తో ఆడించి, దక్షిణ కొరియాతో ఫైనల్‌కు పొడగరి పీటర్ తంగరాజ్‌ను గోల్లో నిలబెట్టాడు. 2-1తో బంగారు పతకం వచ్చింది. బర్మన్ తక్కువవాడనీ, తంగరాజ్ ఎక్కువవాడనీ రహీమ్ తేల్చాడనుకోను. ఆ రోజు రాబోయే బంతులు ఎలాంటివో ఆయన లెక్కేశాడు. తంగరాజ్ హైదరాబాద్‌లో పుట్టినవాడు. అదే కాలంలో అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం దేశానికి ఆడాడు. 2022లో కప్పెత్తిన హైదరాబాద్ తొలి పదకొండుమందిలో తెలుగు పేరు వెతికితే నాకు కనిపించలేదు. ఆ క్లబ్బు కూడా డబ్బు కష్టాల్లో పడి 2025లో ఢిల్లీకి తరలిపోయింది, పేరూ మార్చుకుంది. కాపలా కాయడానికి మనకిప్పుడు చేనే లేదని మా బావమరిది బాధ.

మొన్న సాయంత్రం బడి వెనక ఆడుతున్నాం. వాడు నెట్టుకు అవతల, నేను ఇవతల. నేను కొట్టిన బంతికి వాడు ఎగిరి చెయ్యి పెట్టాడు. తగిలింది, గీత దాటి తుమ్మచెట్టు కిందికి దొర్లింది. పిల్లలు బయట, బయట అని అరిచారు. నేనేమీ అనలేదు, వాడి వైపు చూస్తూ నిలబడ్డాను. వాడు వెళ్లి బంతి తెచ్చి, మట్టి దులిపి, నెట్టు కింది నుంచి సర్వీసుకు నా వైపు దొర్లించాడు.