ఖుర్తుబాలో పోయిందెవరిది?

ఉర్దూ చదువుకున్న ముస్లిం ఇంట్లో ఖుర్తుబా మాటొస్తే దాని వెంటే ఒక నిట్టూర్పూ వస్తుంది. స్పెయిన్‌లోని ఆ ఊరు మ్యాపులో ఎక్కడుందో చూపించలేనివాళ్లు కూడా నిట్టూరుస్తారు. ఈ నిట్టూర్పుకి పెద్ద దన్ను ఇక్బాల్ రాసిన ‘మస్జిదె ఖుర్తుబా’. 1933లో ఆయన అక్కడికెళ్లాడు. ఆ నజ్మ్ 1935లో ‘బాలె జిబ్రీల్’లో వచ్చింది. ఎనిమిది బంద్‌లు. ఉర్దూలో అంత గంభీరమైన నజ్మ్‌లు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. ఆ కవితనీ ఆ ఊరినీ పక్కపక్కన పెట్టి చదవాలనుకున్నాను. అందుకే ఒక రోజంతా అక్కడ ఒక్కణ్నే తిరిగాను. గుంపుతో వెళ్తే గుంపు ఏడుపే మన ఏడుపవుతుంది. ఒంటరిగా నడిచేవాడికి ఆ వెసులుబాటు లేదు.

రోమన్ వంతెన కింద పారే నది పేరు గ్వాదల్‌కివీర్. అరబ్బీ వాదీ అల్ కబీరే అలా మారింది. వంతెన దాటితే మసీదు. 785 ప్రాంతంలో మొదటి అబ్దుర్రహ్మాన్ మొదలుపెట్టాడు. తర్వాతివాళ్లు రెండొందల ఏళ్లపాటు పెంచుకుంటూ పోయారు. బయట కళ్లు చెదిరే ఎండ, లోపల చల్లటి చీకటి, ఎనిమిది వందలకు పైగా స్తంభాలు. ఇక్బాల్‌కి అవి షామ్ దేశపు ఖర్జూర చెట్లలా కనిపించాయి. నిజంగా అలాగే ఉంటాయి. కానీ దగ్గరికెళ్లి చూడండి. ఒక స్తంభం రంగు ఇంకోదానికి కలవదు. తలకట్లు కూడా ఒక్క తీరుగా ఉండవు. పాత భాగంలోవి చాలామటుకు రోమన్, విసిగోతు కట్టడాల నుంచి తెచ్చి నిలబెట్టినవి. మెహరాబ్ మీది మొజాయిక్ పనికి బైజాంటియం క్రైస్తవ చక్రవర్తి దగ్గర్నుంచి పనివాణ్నీ రంగు ముక్కల్నీ తెప్పించారని అరబ్ చరిత్రకారులే రాశారు. ఈ కలగలుపు కవితలోకి రాలేదు. అందులో ఇష్క్ ఉంది, మోమిన్ చెయ్యి ఉంది. రాయి మోసిన కూలివాడి చెయ్యి మాత్రం లేదు.

ఆ కూలివాణ్ని వెతికితే చరిత్ర ఇంకో కథ చెబుతుంది. 997లో అల్ మన్సూర్ శాంతియాగో మీద దాడి చేసి చర్చి గంటల్ని క్రైస్తవ ఖైదీల భుజాల మీద ఖుర్తుబాకి మోయించాడు. అవి మసీదులో దీపాలయ్యాయి. 1236లో మూడో ఫెర్నాండో ఊరు గెలిచాక అవే గంటల్ని ముస్లిం ఖైదీల భుజాలకెత్తి వెనక్కి పంపాడు. రాజులు మారారు, మతాలు మారాయి. బరువు కింద భుజం మాత్రం బీదవాడిదే. మన నిట్టూర్పు ఏ రాజుకోసం?

1236లోనే మసీదు కెథెడ్రల్ అయింది. 1523లో దాని నడుమ ఇంకో పెద్ద చర్చి కట్టబోతే ఊరి సభే అడ్డుపడింది. పనిలో చెయ్యిపెట్టినవాడికి చావేనని చాటింపు వేసింది. చక్రవర్తి ఐదో చార్లెస్ బిషప్ వైపు మొగ్గాడు. 2006లో చర్చి ముప్పై యూరోలు కట్టి ఆ కట్టడాన్ని తన పేర రిజిస్టర్ చేయించుకుంది. ముస్లింలకి అక్కడ నమాజు ఇప్పటికీ కుదరదు. 1992 డిసెంబర్ 6ని చూసినవాడికి ఇవేవీ పాత సంగతులు కావు. కాకపోతే అదే నోటితో ఇంకో ప్రశ్న కూడా అడగాలి. 2020లో ఇస్తాంబుల్‌లో హాగియా సోఫియాని మ్యూజియం నుంచి మళ్లీ మసీదు చేసినప్పుడు మనలో ఎంతమంది సంబరపడలేదు? మనకి పోతే జుల్మ్, మనకొస్తే ఫతహ్ అయితే అది న్యాయం కాదు, బలం లెక్క. మైనారిటీగా బతికేవాడికి బలం లెక్క ఎన్నడూ కలిసిరాదు.

పాత ఊరి గోడ పక్కన ఇబ్నె రుష్ద్ విగ్రహం ఉంది. యూదుల వాడ సందులో మైమొనిదీస్ విగ్రహం ఉంది. ఇద్దరూ ఈ ఊళ్లో పుట్టినవాళ్లే. ఇద్దర్నీ ఈ ఊరు నిలుపుకోలేదు. 1148లో అల్‌మొహద్‌లు వచ్చాక మైమొనిదీస్ కుటుంబం ఊరొదిలింది. ముసలితనంలో ఇబ్నె రుష్ద్‌ని వెలివేసి ఆయన పుస్తకాలు తగలబెట్టింది కూడా ముస్లిం పాలకుడే. స్వర్ణయుగం అని పాడేవాళ్లు ఈ రెండు విగ్రహాల దగ్గర కాసేపు నిలబడాలి.

మరి నిజంగా పోగొట్టుకున్నదెవరు? మొరిస్కోలు. బలవంతాన బాప్తిజం ఇచ్చిన ముస్లింల పిల్లలు. 1567 ఫర్మానా వాళ్ల అరబ్బీనీ, పేర్లనీ, బట్టల్నీ, హమామ్‌లనీ నిషేధించింది. 1609 నుంచి 1614 దాకా దాదాపు మూడు లక్షల మందిని ఓడలెక్కించారు. స్పెయిన్‌లో వాళ్లు చాలినంత క్రైస్తవులు కారు. ఆఫ్రికా తీరం చేరాక కొందర్ని క్రైస్తవులనే అనుమానించారు. ఈ అనుమానం మన దూదేకులకి కొత్తా? తెలుగు మాట్లాడితే ముస్లిం కాదనే అష్రఫ్ పెద్దమనిషీ, టోపీ పెడితే తెలుగువాడు కాదనే పక్కింటాయనా మనకి బాగా తెలిసినవాళ్లే. కానీ ఉర్దూలో అందలుస్ అనగానే సింహాసనం గుర్తొస్తుంది. సేద్యగాడు, నేతగాడు గుర్తురారు.

స్పానిష్ వాళ్లు పత్తిని ‘అల్గొదోన్’ అంటారు. అరబ్బీ ‘అల్ ఖుత్న్’ అది. తలగడని ‘అల్మొహాద’ అంటారు. అదీ అరబ్బే. సుల్తానుల బిరుదులు పుస్తకాల్లోకి పోయాయి. పత్తీ తలగడా మాత్రం రోజూ జనం నోట్లో ఉన్నాయి. దూదేకి పరుపులు కుట్టి బతికిన కులానికి ఇంతకంటే దగ్గరి వారసత్వం ఏముంటుంది?

ఇక్బాల్‌ని కాదనడం నా ఉద్దేశం కాదు. ఆ కవిత చివరి బంద్‌లో ఒక రైతు కూతురి పాట ఉంది, సాదాసీదాగా, గుండె మండేలా. ఖలీఫాల వైభవం దగ్గర ఆగిపోయినవాళ్లు ఆ పిల్ల దాకా చదవలేదు. మనం చదవాల్సింది ఆమె దగ్గర్నుంచే.